ఆరూ ఏడూ

పుదుపేట సందులో నా రిపేరు కొట్టుకి
యేసుపాదం గారు దాన్ని గోనెసంచిలో తెచ్చారు.
"ఐదో చోటు దాటి జారడం లేదయ్యా."
ఎప్పట్నుంచి?
"యాభై ఆరు నుంచి,"
నిన్న పట్టిన జలుబు సంగతి చెప్పినట్టు.

ట్రాంబోన్‌కి మెట్లుండవు.
ఏడు చోట్లూ గాలిలోనే ఉంటాయి,
చెయ్యి గుర్తుపెట్టుకోవాలి, అంతే.
పెరంబూరు క్యారేజీ షాపులో రివెట్లు కొట్టిన చెయ్యి
శనివారం రాత్రి రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో
అరువు కోటు తొడుక్కుని ఆ చోట్లు వెతుక్కునేదట.
గురువు ఒక్క రికార్డు. హార్బరులో ఓడమనిషి అమ్ముకుపోయింది.
సూది గెంతిన చోటల్లా తనూ గెంతుతూ నేర్చుకున్నారు.
అదే జాజ్ అనుకున్నాను, అని నవ్వారు.

పెరేరా బ్యాండులో ఆయన పేరు జెస్.
పోస్టరు మీద ఆ రెండక్షరాలకీ చోటు చాల్లేదు.

సర్కసు ప్రచారానికి వెళ్తే
లారీ వెనక తలుపు దించుకుని కాళ్ళు వేలాడేసి కూర్చునేవారు,
లోపలైతే స్లైడు క్లారినెట్ మనిషి వీపులో పొడిచేది మరి.
వాల్‌టాక్స్ రోడ్డు పొడుగునా
వెనక్కి వెనక్కి పోతూ వాయించారు.
వెంటపడ్డ పిల్లలు ఒక్కొక్కరే ఆగిపోయేవాళ్ళట.

కొబ్బరిచిప్ప అడ్డం పెట్టి ఏడిపించేవారు ఇత్తడిని.
ఇంట్లో ఆ చిప్ప కనపడితే ఆవిడ
పొయ్యిలో పెట్టేస్తానని బెదిరించేది.

తర్వాత జాకీ జారింది. భుజం విరిగింది.
ఆరూ ఏడూ అందలేదు.
బియ్యంలో రాళ్ళలా ఆ స్వరాలు ఏరేసుకుని
మిగిలినవాటితో కాలం గడిపారు.
కోడంబాకంలో హాస్యగాడు అరటితొక్క మీద జారితే
"బొయ్‌ఁ"
ఒక్క కూత, ఐదు రూపాయలు.
జనం ముప్పై ఏళ్ళు నవ్వారు.
ఆయన టిక్కెట్టు కొనలేదు ఎప్పుడూ.

వాడని మేర బిగుసుకుపోయింది, అంతే జబ్బు.
చింతపండు, కిరసనాయిలు, నాలుగు రోజులు.
స్లైడు నేల దాకా జారింది.
ఆయన చెయ్యి ఐదు దగ్గరే ఆగింది.

టీ గ్లాసులకొచ్చిన గఫూరు,
పదకొండేళ్ళుంటాయేమో వాడికి,
"నేను లాగుతా తాతా, మీరు ఊదండి" అన్నాడు.
ఊదారు. వాడు మరీ లాగేశాడు.
కళ్ళతోనే చెప్పారు, ఒక వేలెడు వెనక్కి.
ఇంకొంచెం.
అక్కడ.

గోడకి తగిలించిన తాళాలు వాటంతటవే మోగాయి.
ఎదుటి స్క్రాపు కొట్టువాడు సుత్తి ఆపి చూశాడు.

గొట్టంలో చేరిన తడి వంచి వదిలారు.
ఒక చుక్క నా బిల్లుబుక్కు మీద పడింది.
ఎంత రాయాలో తేలక
ఆ కాగితం అలాగే ఉంచాను.