పాసంగం

మా నాయన దొరసామి
చిత్తూరు బెల్లం మండీలో తూకమేసేవాడు.
తెల్లార్తో, మొదటి బండి రాకముందే
ఖాళీ తక్కెడను పైకెత్తి పట్టుకొని
చాలాసేపు చూసేవాడు.
ఎడమ తట్ట ఒక వెంట్రుకంత వాలితే
కుడి గొలుసుకు గోనెపీలిక ముడేసేవాడు.
"తక్కెడకూ ఒక గుణముంటాది పాపా,
ముందు దాన్ని తూచాల."

నేను గిరింపేట ల్యాబులో కూర్చుంటా.
నా తక్కెడకు గొలుసుల్లేవు.
రక్తం చుక్క లోపలికి పోతాది,
పద్దెనిమిది నిమిషాలకు అంకె బయటికొస్తాది,
పాయింటు తర్వాత మూడు స్థానాలు.
ఆ మూడు స్థానాల్ని చూసి
నమ్మేసినా.

వసుంధర, వేలూరు బస్సులో కండక్టరు.
మధ్యాన్నానికే నిద్ర,
టికెట్ల లెక్క రెండుసార్లు తప్పిందంట.
నా కాయితంలో ఆమె టీఎస్‌హెచ్
సున్నా పాయింటు సున్నా తొమ్మిది.
డాక్టరు థైరాయిడ్ మాత్ర సగం చేసినాడు.
నెల తిరక్కముందే
ఆమె బస్సు మెట్లెక్కలేక
కింది మెట్టు మీదనే కూర్చునింది.
వేలూర్లో ఇంకో మిషను చెప్పిన అంకె: పదకొండు.

రెండు కాయితాలూ నా బల్ల మీద పరిచి
ఆమె కేకలెయ్యలేదు.
"వీటిల్లో ఏది నేను, మేడమ్?" అనింది.

అప్పుడు చూసినా ఆమె తల.
కొండ మీద ఇచ్చొచ్చిన గుండు,
మూడు నెలల మొలక.
"తొందరగా పెరగాలని మాత్రలేసుకుంటాండా,
బయోటిన్, రోజుకొకటి."

నేనెప్పుడూ అడగలేదు.
నా మిషను లోపల
హార్మోన్ను పట్టి లాగే కొక్కేనికి
ఆ బయోటినే తాడు.
రక్తంలో అది నిండా ఉంటే
వెంట్రుకల మందే కొక్కేలన్నీ ఆక్రమిస్తాది,
హార్మోను జారిపోతాది.
మిషను అబద్ధమాడలేదు.
చేతికి దొరికినదాన్ని తూచింది.
సంతకం మాత్రం నాది.

పెద్దూళ్లలో ఇంకో రకం మిషన్లున్నాయి,
ఒక్కో అణువునూ విడదీసి బరువు చూస్తాయి.
మేలే.
అయినా పొద్దున ఎనిమిదికి తీయాల్సిన కార్టిజాల్
నేను పదకొండుకు తీస్తే
అవి మాత్రం ఏం చేస్తాయి?
మొన్నొకాయన ఉమ్మితో చూసే కిట్టు అమ్మజూపినాడు.
చిగుళ్లలో రక్తం కారేవాళ్లకెట్లా అంటే
కాఫీ తాగతా కిటికీలోంచి చూసినాడు.

వారం మాత్ర ఆపించి మళ్లీ గుచ్చినా.
పది పాయింటు నాలుగు.
పదకొండుకు సరిగ్గా రాలేదు,
రాదు కూడా.
వసుంధర రెండంకెల్నీ వేలితో తడిమి
"సరే, ఒకే వీధిలో ఉండాయి" అనింది.

ఇప్పుడు పొద్దున్నే, ఎవరూ రాకముందే
విలువ తెలిసిన సీసా ఒకటి మిషన్లో పెట్టి
చాలాసేపు చూస్తా.
తర్వాత వచ్చినోళ్లందర్నీ అడుగుతా:
ఏమి తిన్నారు, ఎన్నింటికి నిద్రలేసినారు,
వెంట్రుకలకేమన్నా మింగతాండారా?

నిన్న ఒక బట్టతల పెద్దాయన
పగలబడి నవ్వి,
నవ్వు ఆపి,
జేబులోంచి మాత్రల అట్ట తీసినాడు.