కార్డు

ఇన్వర్‌కార్గిల్‌లో జూలై అంటే
అద్దం మీది మంచు గీకడంతో మొదలయ్యే రోజు.
డగల్ బయట నిలబడి పాత బ్యాంకు కార్డుతో గీకుతాడు,
నేను లోపల కూర్చుని తాళం తిప్పుతాను.
మా స్టేజియా ఒకసారి దగ్గుతుంది,
గొంతు సవరించుకుని
మెత్తటి ఆడగొంతుతో జపనీస్‌లో ఏదో అంటుంది.
పదకొండేళ్లుగా అంటూనే ఉంది.
"నీకూ శుభోదయం" అంటాం మేము.
ఫిన్లే పుట్టిన రాత్రి ఆసుపత్రికి వెళ్తూ
నొప్పుల మధ్య పళ్లు బిగించి నేనూ అన్నాను.
జవాబివ్వకుండా బయల్దేరితే అచ్చిరాదని
మా అత్తగారు మోరాగ్ నమ్మకం.
ఒక్కసారే మరిచిపోయాం,
బ్లఫ్ దారిలో గొర్రె అడ్డొచ్చింది.

వచ్చే ఏప్రిల్‌లో జపాన్ ప్రయాణం.
వంటింటి బల్ల మీద పటం,
ముడుచుకోకుండా నాలుగు మూలలా
ఉప్పు డబ్బా, జామ్ సీసా, రెండు స్పార్క్ ప్లగ్గులు.
డగల్ జాబితా ఎర్ర పెన్నుతో:
యొకొహామా దగ్గర, చుట్టలు చుట్టుకున్న వంతెనల నడుమ దైకొకు,
శనివారం రాత్రి బండ్లన్నీ పెళ్లికొడుకుల్లా ముస్తాబై వస్తాయట;
పాత విడిభాగాల కొట్టు,
చక్రాల్ని పుస్తకాల్లా అరల్లో పేర్చేది;
హకొనె కొండదారి మీద అద్దె స్కైలైన్, ఒక్క గంటైనా.
"అందులో నాలుగే సీట్లు, మనం అయిదుగురం" అన్నాను.
వినబడలేదు ఆయనకి.

నా జాబితా పెన్సిల్‌తో:
వేడినీటి బుగ్గ.
పెట్రోలు వాసన తగలని ఒక్క రోజు.
పెన్సిల్ రాతకి ఈ ఇంట్లో
రబ్బరు ఎప్పుడూ సిద్ధమే.
ఆసుపత్రి లాండ్రీలో నిలబడి లెక్కేస్తాను,
ఒక్క విమానం టికెట్టుకి
ఎన్ని వందల దుప్పట్లు మడతపెట్టాలో.
లెక్క తేలేలోపు మరో బండెడు వచ్చిపడతాయి.

ఆదివారం పొద్దున ఐలా ముందు సీట్లో కూర్చుంది.
బడిలో జపనీస్ మొదలుపెట్టి రెండో ఏడు.
బండి తన మాట తను అంది.
పిల్ల కనుబొమలు ముడిపడ్డాయి.
"ఆపి, మళ్లీ తాళం తిప్పమ్మా."
తిప్పాను. "ఇంకోసారి."
తిప్పాను.
"ఇది పలకరింపు కాదు.
కార్డు పెట్టలేదు అంటోంది. టోల్‌గేటు కార్డు."

పదకొండేళ్లు.
ఒక్క టోల్‌గేటూ లేని ఈ దక్షిణపు కొసలో
వానలో, మంచులో, విసుక్కోకుండా
కార్డు పెట్టలేదు, కార్డు పెట్టలేదు.

మోరాగ్‌కి చెప్పొద్దనుకున్నాం.
ఫిన్లే నోట్లో నువ్వుగింజ నానదు.
ఆవిడ టీ కప్పు దించి
"పాపం, ఊరు మారిన సంగతి దానికెవరూ చెప్పలేదన్నమాట" అంది.

ఆ మధ్యాహ్నం అందరం బండి చుట్టూ చేరాం,
కొత్తగా కొన్నట్టు.
వెనక అద్దం మూల, ఎండకి వెలిసిన గుండ్రటి స్టిక్కరు.
ఇన్నేళ్లూ దాని మీదుగానే తుడిచాను.
ఐలా వేలుపెట్టి ఒక్కో గీతా కూడబలుక్కుంది.
నుమాజు.
బండి నిలిపే చోటు ఉందని
అక్కడి పోలీసులు ఇచ్చిన గుర్తట.
"అంటే దానికక్కడ సొంత జాగా ఉండేది" అంది,
ఇంకేమీ అనలేదు.

డగల్ దైకొకుని కొట్టెయ్యలేదు,
అంత మంచివాడేం కాదు.
హకొనె నుంచి కిందికి
వంకరగా ఓ ఎర్రగీత లాగాడు.
"ఏముంటుందక్కడ?" అన్నాను.
"ఏమీ ఉండదు. ఇంకెవరిదో బండి ఉంటుంది."
వేడినీటి బుగ్గ పక్కన, అడక్కుండానే,
ఎర్ర పెన్నుతో టిక్కు పెట్టాడు.
నేను చూడనట్టు ఊరుకున్నాను.
బల్ల కింద నుంచి ఫిన్లే:
"అక్కడ అందరూ మన కారులాగే మాట్లాడతారా?"

సోమవారం. మళ్లీ మంచు.
బయట బ్యాంకు కార్డు కరకరలు,
లోపల దగ్గు, ఆ తర్వాత ఆ గొంతు.
శుభోదయం నాలిక చివరిదాకా వచ్చి ఆగింది.
"తెస్తాంలే" అన్నాను,
"ఏప్రిల్ దాకా ఓపిక పట్టు."