ఎడమ దిక్కు మూడు వేళ్లు

కొండమల్లేపల్లి అడ్డరోడ్డు కాడ
కమాన్ పట్టీల రేకుల షెడ్డు ముందర
బండిని సాపు జాగల ఆపుమన్నడు జానిమియా.
సాపు జాగ ఏడున్నదని నేను దిక్కులు సూస్తుంటె
"గా సిమెంటు గచ్చు మీదికి తే.
నేనే పోసిన. నీళ్లు ఒంపి సూసుకున్న,
ఎటూ పారయి" అన్నడు.

దిగి ఇరవై అడుగులు ఎనక్కి పొమ్మన్నడు.
పోయి సూసిన.
ఆరేండ్లు దాని కడుపుల కూసున్నోన్ని,
దాని నడక ఎరుగుదు గని
దాని నిలబడుడు ఎన్నడు సూడలే.
ఎనుక ఎడమ దిక్కు కుంగి
సంకల బిందె పెట్టుకున్న మనిషి తీరు
నిలబడ్డది నా పికప్.

ఒక దారం, దారానికి ఒక నట్టు.
తొట్టి అంచు నుంచి ఇడిసి
చక్రం నడిబొడ్డు దాక కొలిచిండు.
కుడికి రెండు జానల మీద నాలుగు వేళ్లు.
ఎడమకు రెండు జానల మీద ఒక్కటి.
"మూడు వేళ్లు తిన్నది. ఏం మోస్తవ్?"
బత్తాయి.
"ఎటు దిక్కు నుంచి ఎక్కిస్తరు?"

ఆ మాటకాడ ఆగిన.
తోట బాటల కుడికి ఎప్పుడూ కంచె.
హమాలీలు ఎడమ నుంచే గంపలు గుమ్మరిస్తరు,
మీద వరిగడ్డి పరిచి తాడు గుంజితె
బరువు సమానమనే అనిపించేది నాకు.
రాత్రిళ్లు లైట్లు రోడ్డు ఇడిసిపెట్టి
తుమ్మకొమ్మలల్ల పిట్టలను లేపుతుంటె,
ఎదురొచ్చే లారీలోల్లు అమ్మను ఆలిని తిడుతుంటె
రెండు మాట్ల బల్బులు మార్చిన.
స్టీరింగు గుంజితె రోడ్డును తిట్టిన.

యూ బోల్టులు ఇప్పి కట్టను కిందికి దించిండు.
ఎనిమిది పట్టీలు. నాలుగోది ఇరిగి ఉన్నది.
ఇరిగిన కాడ మెరుపు లేదు, నల్లబడ్డది.
"ఇది పోయి ఏడాదైంది.
తక్కిన ఏడు దీని పని గూడ చేసినయి" అన్నడు,
ఎవల మీద కోపం లేకుంట.

కొత్తది ఏసి, పాతవాటికి వంపు ఎక్కించిండు.
దిమ్మ మీద పెట్టి సుత్తితోటి
ఠంగున ఒకటి, జరిపి ఇంకొకటి.
గట్టిగ కొడితె పలుగుతది,
అల్కగ కొడితె యాదికుంచుకోదు.

పానా కోసం లేచి నడిస్తె అప్పుడు సూసిన.
మర్రిగూడ నీళ్లు పసితనంలనే దూరిన మోకాళ్లు,
రెండు కాళ్లు రెండు దిక్కులకు వంగినయి.
నా నోటికి ఒక మాట వచ్చింది,
వంకర మోసినోనికే సాపు తెలుస్తదని.
నేను అనకముందుకే
"లెవెల్ సీసా ఉన్నది, దాంతోటి తెలుస్తది.
జాకీ పట్టు" అన్నడు.

పొద్దుమూకంగ బండి దిగింది.
మల్ల ఇరవై అడుగులు ఎనక్కి పోయిన.
ఇప్పుడు ఎనుక మొత్తం లేసి
కింద పడ్డ రూపాయి ఎతుకుతున్నట్టు ముందుకు ఒంగింది.
"ఇదేం సాపు జానిమియా?"
"గిట్లనే మస్తున్నదన్నా, రేసు బండి లెక్క!" అని
పనికుర్రోడు ఉపేందర్ ఫొటో దీసిండు.
జానిమియా చేతుల గ్రీసు తుడుసుకుంట
"ఖాళీ బండిని సూసి ఏం చెప్తం?
టన్నున్నర ఎక్కినంక సూడు."

తెల్లారి చింతపల్లి తోటల
సగం నిండంగనె బండిని తిప్పి నిలబెట్టిన.
"నీ పికప్‌కు పెండ్లి సూపులా ఏంది?"
అని హమాలీ మంగ్త్యా నవ్విండు గని
తక్కిన సగం కుడి నుంచే పోసిండు.
గంప గంపకు ఎనుక దిక్కు
ఇంత, ఇంకింత, కూసుంట వచ్చింది.

నట్టు కట్టిన దారం నా జేబుల్నే ఉన్నది.
కుడికి రెండు జానల మీద రెండు.
అటు పోయి ఒంగి కొలిచిన. రెండు...
కాదు, ఒక బియ్యపు గింజంత తక్కువ.
పోనీ.

ఆ రాత్రి మాల్ దాటినంక
లైట్లు తారు మీదనే పరుసుకున్నయి.
తుమ్మ మీద పిట్ట లేవలే.
ఎదురొచ్చిన లారీ
ఏమనకుంట పోయింది.