ఓ నెగెటివ్

సోహార్‌ల మా క్యాంపు, పదకొండో నంబరు గది.
ఆరు మంచాలు,
దగ్గుకుంట నడిచే ఒక్క ఏసీ.
రాత్రి తొమ్మిదింటికి తమ్ముని ఫోను:
వదినకు ఏడో నెలల్నే నొప్పులొచ్చినయి,
రక్తం ఆగుతలేదు,
జగిత్యాల దవాఖానల రెండు సీసాలు అడుగుతున్నరు.
ఓ నెగెటివ్.

అక్కడికీ ఇక్కడికీ గంటన్నర తేడా.
జమున అర్ధరాత్రికి దగ్గర పడ్డది,
నేనింకా అన్నం గిన్నె ముందల్నే ఉన్న.

గదంత లేచి కూసున్నది.
లింబాద్రి గోడ మీది అంజన్న పటానికి
కొండగట్టు మెట్లన్నీ మోకాళ్ల మీద ఎక్కుతనని మొక్కిండు,
ఎడమ మోకాలు అరిగిపోయిన సంగతి మరిచి.
మొయిదీన్ వజూకు పోయిండు.
తుల్ బహదూర్ నా నొసట ఏదో పెట్టబోయి
నా సంగతి యాదికొచ్చి
ఆ చెయ్యిని నా భుజం మీద ఏసిండు.

ఆళ్ల చేతులకు ఎటు పోవాల్నో తెలుసు.
నా చేతులే నాకు ఎక్కువైనయి.

నాకు దేవునితోని తగాదా ఏం లేదు.
తాళంచెవి కోసం జేబు తడుముకున్నట్టు
ఒకనాడు తడుముకుంటే లేడు, అంతే.
తలుపు మాత్రం తెరిచే ఉండె.
లోపటికి పోయి పండుకున్న.

కాగితం మీద నంబర్లు రాసుకున్న.
కోరుట్ల సంఘం: స్విచాఫ్.
మెట్‌పల్లి మొబైల్ షాపాయన:
"మొన్ననే ఇచ్చిన అన్నా, మూడు నెలలు ఆగాలె."
రాయికల్‌ల నాతోని పది ఫెయిలైన మునీర్:
"నాది కాదు గానీ
ధర్మపురిల ఒక పంతులు కొడుకుది అదే, ఆగు."

ఒక ఫోనుకూ ఇంకో ఫోనుకూ నడుమ
జాగ ఉంటది చూడు,
కష్టమంతా అండ్లనే.
నమ్మినోళ్లు ఆ జాగల ఒక పేరు పెట్టుకుంటరు.
నేను ఏసీ జాలీ విప్పి కడిగిన.
ఆరు నెలల ఎడారి దిగింది బకీట్ల.
మళ్ల కడిగిన.
అంటని గిన్నె తోమిన.

పంతులు కొడుకు దొరికిండు.
నన్ను ఎన్నడూ సూడలే,
ఏ ఊరని గూడ అడగలే.
"బండ్ల పెట్రోలు ఉన్నది, పోతున్న" అన్నడు.
ఇంకో సీసా కరీంనగర్ నుంచి కార్ల బయలెల్లింది.

మొయిదీన్ నా పక్కన కూసోని
కొట్టివేతల కాగితం సూసి
"ఇది గూడ దువానే భాయ్" అన్నడు.
"కాదు భాయ్, ఇవి ఫోను నంబర్లు.
కొన్ని కలుస్తయి, కొన్ని కలువయి."
జరసేపు ఆగి నవ్విండు:
"మాదీ అంతే."

తెల్లారంగ నాలుగింటికి మళ్ల తమ్ముడు.
జమున కండ్లు తెరిచింది.
పాప తెరువలేదు.

కిలో గూడ లేదట.
డాక్టరమ్మ చేయాల్సింది చేసింది,
రక్తం యాల్లకే అందింది,
తమ్ముడు నిలబడ్డ కాడ్నించి కదల్లే.
వెతికి వెతికి సూసిన,
ఎవ్వరి తప్పూ దొరకలే.
నీళ్ల ట్యాంకరు ఎనుక నిలబడి
నోరు తెరిచిన తిడుదామని.
తిట్టెతందుకు గూడ ఎవ్వలూ లేరు.
గప్పుడు ఏడ్పొచ్చింది.
బహదూర్ చక్కెర ఎక్కువేసిన చాయ్ తెచ్చి
నా ఏడ్పు అయిపోయేదాక
కప్పు పట్టుకోనే నిలబడ్డడు.

గదిల లింబాద్రి
నా కోపం గూడ తనే పడుతున్నడు.
"రాత్రంత ఏం సూసినవయ్యా గా గోడ మీద కూసోని?"
పటాన్ని గోడ దిక్కు తిప్పి
బూట్లు చేతుల పట్టుకోని బయటికి పోయిండు.

లీవు పదిహేను రోజులకు గానీ రాదన్నడు సూపర్‌వైజరు.
ఐదున్నరకు బస్సు.
లింబాద్రికి ఇయ్యాల చిమ్నీ పని, నలభై మీటర్లు.
హుక్కు తగిలిచ్చే ముందు
ఒక్క క్షణం కండ్లు మూస్తడు వాడు,
రోజూ సూస్త.
ఇయ్యాల మూసుకుంటే
వాడికి ఈ గోడే అగుపడుతదేమో.

అందరూ పోయినంక
పటాన్ని ఇటు తిప్పిన.
అద్దం మీది దుమ్ము అంగీ చేతితోని తుడిచిన.
తర్వాత లింబాద్రి బెల్టు తీసి
ఒక్కొక్క కుట్టు
గుంజి గుంజి సూసిన.