మూడో అర

హన్మకొండలో మా కాలేజీ జువాలజీ ల్యాబు.
బీరువాలో పైనుంచి మూడో అర.
ముప్ఫై ఒక్క సీసాలు,
ఫార్మలిన్‌లో తేనెరంగు తిరిగిన చేపలు.
అరకు అడ్డంగా ఒకటే చీటీ,
సిరా వెలిసిన రాత: పెర్సిఫార్మిస్.

వీపు వాజంలో నాలుగు ముళ్ళుంటే చాలు,
ఇక్కడికి రావొచ్చు.
పొట్టకింది వాజాలు గొంతు దాకా జరిగి ఉంటే
ఇంకేం, కూర్చోమన్నారు.
ఎవరికెవరేమవుతారో అడక్కుండా
వానకు ఒకే చూరు కింద నిలబడ్డట్టు
పదివేల జాతులు.

సారంగం ఈ సీసాల దుమ్ము తుడవబట్టి ఇరవయ్యారేండ్లు.
పాకాల కట్టకింది ఊరు, వల అల్లిన వేళ్ళు.
ఆయన వర్గీకరణ వేరే.
పొలుసున్నది, లేనిది.
వలను తెంపేది.
నీళ్ళింకితే బురదలో ఎండకాలం దాటేది.
బాలింతకు పెట్టేది, పెట్టకూడనిది.

ఈ యేడు కొత్త పాఠం వచ్చింది.
ముల్లు సాక్ష్యం చెల్లదట.
నీళ్ళు ఒకే తీరుగా ఒత్తితే
పరాయివాళ్ళ ఒళ్ళు కూడా ఒకే తీరుగా వంగుతుందట.
అడగాల్సింది జన్యువుల్ని.

సాయంత్రం పిల్లలు పోయినంక
కొత్త చీటీలు, జిగురు డబ్బా పట్టుకొని కూచున్నాం.
"కొర్రమట్ట తియ్యి సారంగం."
తీసి, రెండో చేత్తో బొమ్మిడాయిని కూడా అందుకున్నాడు.
"ఇవి రెండూ దగ్గరోళ్ళే కదా మేడం?"
ఎట్ల తెలుసు?
"రెండూ బురదల దాసుకుంటయ్."
అది రుజువు కాదు అన్నాను.
కాని కాగితంలో చూస్తే నిజంగానే దగ్గరోళ్ళు.
వాళ్ళకు సముద్రం పక్కన పండుగప్ప దాయాది,
రెండు కండ్లూ ఒక్క పక్కకే తెచ్చుకున్న నాలుక చేప ఇంకో దాయాది.
"గంత దూరం సంబంధమా!" అని నవ్విండు.

జిలేబిని ఎత్తితే ముఖం ముడిచాడు.
ఎక్కడ్నుంచో తెచ్చి వదిలితే
చెరువంతా తనదేనంటది.
దాని చుట్టాలెవరో చెప్పాను:
దోమల కోసం మున్సిపాలిటీ వాళ్ళు బావుల్లో వేసే గంబూసియా,
అలల మీద ఎగిరే చేప.
నమ్మలేదు.

మానేరు ఇసుకలో దొరికిన దొందు
అందరికన్న ముందే వేరు పడిందట.
దాని సీసా చిన్నది, మూత తుప్పు.

నిజం చెప్పాలంటే నాకూ అన్నీ తెలియవు.
రాక్షసబల్లులు పోయి
నీళ్ళు సగం ఖాళీ అయినప్పుడు
తొలకరికి చెలకంతా ఒక్కసారే మొలిచినట్టు
ఈ వంశం కొమ్మలేసింది.
ఏ మొలక ముందు, ఏది వెనక?
ఆరున్నర కోట్ల ఏండ్ల తర్వాత
ఒక్క రాత్రి తేడా పట్టుకోవాలని
ఎక్కడెక్కడో లెక్కలు వేస్తూనే ఉన్నారు.

ఏడు కొట్టేసరికి సీసాలు వేరే అరలకు పోయాయి.
కొత్త లెక్కలో కూడా పెర్సిఫార్మిస్ ఉంది.
అయితే అందులో మిగిలినవాళ్ళెవరూ
మా చెరువుల్లో లేరు, మా వాగుల్లో లేరు.
"మరి అసలు పెర్చి ఎట్లుంటది?"
నేనూ చూడలేదు సారంగం,
చలిదేశాల నీళ్ళల్లో ఉంటదంట.
ఇన్నేండ్లు కనబడని పెద్దమనిషి పేరు మీద
మా చేపలన్నీ కాపురమున్నాయి.

ఒక్క సీసా మిగిలింది.
అద్దాల పరక, బొటనవేలంత.
బతికున్నప్పుడు లోపలి ఎముకలన్నీ కనబడేది,
పేగు కూడా.
ఫార్మలిన్‌లో పాలలాగ తెల్లబడింది.
దీనిది ఏ గూడో ఇంకా తేల్చలేదు,
కాగితంలో ఆ గడి దగ్గర ఉత్త గీత.

చీటీ మీద ఏం రాయాలో తోచక
పెన్ను మూత పెట్టాను.
సారంగం అర తుడవబోయి ఆగాడు.
దుమ్ములో సీసాల అడుగులు, ముప్ఫై గుండ్రటి మచ్చలు.
పరకను తీసి
ఎప్పుడూ ఉండే మూలకే నెట్టి
గుడ్డ భుజాన వేసుకున్నాడు.
"నర్సంపేట బస్సుకు టైమైంది మేడం.
దీన్ని గిట్లనే ఉండనీయుండ్రి."