తగిన బహుమతి

మంగళవారం, కరెంటొచ్చిన కాసేపటికి
లాకుల దగ్గరి నా జెరాక్స్ కొట్టుకి ఒకాయన వచ్చాడు.
కనబడుటలేదు కాగితం. నలభై కాపీలు.
ఆయ్, అలాగేనండి అన్నాను.
ఈ ఏడు ఊళ్లో ఇది మూడోది.

పేరు జోయెల్. వయస్సు తొమ్మిది. చామనఛాయ.
ఒంటిమీద ఆకుపచ్చ బనీను. ఎడమ మోకాలికి కొత్త దెబ్బ.
ఆచూకీ తెలిపినవారికి తగిన బహుమతి.
టైపు కొడుతూ తలెత్తితే
అద్దంలోంచి వాడే కనబడ్డాడు,
వాళ్ల నాన్న సైకిల్ మీద అడ్డతొక్కుడు తొక్కుతూ
ఐసుబండి వెనకాల.
తెల్ల చొక్కా. మోకాలికి ఏ దెబ్బా లేదు.

తేదీ ఏం వెయ్యమంటారన్నాను.
గురువారం వెయ్యమన్నాడు.

కాలువ కట్టేసి పన్నెండు రోజులు.
అడుగున బురద పెచ్చులు లేచింది,
ఎండిన గుర్రపుడెక్క పక్కకి నెట్టి
పిల్లలు అందులో క్రికెట్ ఆడుతున్నారు.
ఆయన నిలబడ్డ చోట మాత్రం
గచ్చు మీద రెండు తడి పాదాలు.
ఇచ్చిన నోట్లు గల్లాపెట్టెలో వేస్తే
మిగతా నోట్లూ మెత్తబడ్డాయి.

రాత్రి బిల్లు పుస్తకం తిరగేశాను.
ఐస్ ఫ్యాక్టరీ వీధి సుజన:
కాగితం కొట్టింది మార్చి నాలుగున. పిల్ల పోయింది ఆరున.
పీచుమిల్లు వాచ్‌మన్ మనవడు: పదకొండు. పదమూడు.
అంకెలు నా చేతివే. పక్కన టిక్కూ నాదే.
కాపీకి రెండు రూపాయలు తీసుకున్నాను.
తేదీ ఎందుకు చూడలేదంటే,
చూడలేదు.
నేను అక్షరదోషాలే చూస్తాను.

జోయెల్ వాళ్లమ్మకి చెప్పాను,
గురువారం తలుపేసుకోమని.
సుజన వాళ్ల తలుపు వేసే ఉందంట, అంది తను
చేపలు తోముతూ, తలెత్తకుండా.
నేను కొట్టనంటే
ఎదురు కొట్టువాడు కొడతాడు.

బైబిల్లో దాచుకున్న నా నాలుగో తరగతి ఫొటో తీసి
వాడి ఫొటో మీద అంటించాను.
రెండు జడలు. ముందు పన్ను లేదు.
పేరు మార్చి నాది పెట్టాను, ఫోన్ నెంబరూ నాదే.
వయస్సు తొమ్మిది అలాగే ఉంచాను.
కట్ట కట్టి, పైన తెల్లకాగితం పెట్టి ఇచ్చాను.
ఆయన తిప్పి చూడలేదు.
వాసన చూశాడు. చాలన్నాడు.

గురువారం జోయెల్ పడ్డాడు.
ఆకుపచ్చ బనీను. ఎడమ మోకాలు.
ఏడ్చుకుంటూ ఇంటికెళ్లి
పెరుగన్నం తిని పడుకున్నాడు.
మూడుసార్లు వెళ్లి చూశాను.
నాలుగోసారి వాళ్లమ్మ విసుక్కుంది.

శుక్రవారం తెల్లారేసరికి
ప్రతి కరెంటు స్తంభానికీ నేనే.
పాలకెళ్లిన అమ్మ ఒకటి చింపుకొచ్చి
కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది.
“పాపం, ఎవరి పిల్లే ఇది?
నీకో కూతురుంటే
ఇలాగే ఉండేదేమో.”

జూన్‌లో నీళ్లొదిలారు.
లాకుల మీద చప్పుడు మళ్లీ మొదలైంది.
జోయెల్ ఇప్పుడు సీటెక్కి తొక్కుతున్నాడు,
నా కొట్టు ముందు కావాలని బెల్లు కొడతాడు.
నాకూ సైకిల్ వచ్చు.
ఎవరు నేర్పారో తెలీదు.
మోకాలి మీద మచ్చ ఉంది, అదెప్పటిదో తెలీదు.
అమ్మని అడిగితే
నువ్వు మొదట్నుంచీ పెద్దదానివేగా అంటుంది.

స్తంభాల మీద కాగితాలు వానకి నాని, ఎండకి వెలిసి
జడలు మాత్రం మిగిలాయి.
పన్నెండు దాటాక ఫోను మోగుతుంది.
ఎత్తితే ముందు నీళ్లు,
తర్వాత, పన్నులేని సందులోంచి గాలి జారే గొంతు:
“ఆయ్, ఆ పిల్ల ఆచూకీ నాకు తెలుసండి.
తగిన బహుమతంటే
ఏమిస్తారండి?”