పేజీ తిప్పే పని

వారానికో ఊరు, ఊరికో పేజీ.
ఒకే కాగితం మీద వెలుగు ఎక్కువ రోజులు పడితే
సిరా పాలిపోతుందని మ్యూజియం నియమం.
అందుకే ఊరు మారిన ప్రతి రాత్రీ
చేతులు కడుక్కుని, తడి లేకుండా తుడుచుకుని,
గాజుపెట్టె తాళం తీసి
చేపల కార్ఖానా జరిమానాల పుస్తకంలో
ఒక్క పేజీ తిప్పుతాను.

మిగతావన్నీ మారవు.
డబ్బాలు మూసే యంత్రం, చెక్క చెప్పుల జత,
అర్ధరాత్రి పడవలొస్తే ఆడవాళ్ళను లేపిన సైరన్.
అది ఇప్పుడు మోగదు,
పిల్లలే దాని ముందు నిలబడి నోటితో మోగిస్తారు.
పోర్చుగల్ తీరం పొడుగునా పది ఊళ్ళు.
లారీ నడిపే ఆబీలియు గుంత కనబడగానే కేకేస్తాడు:
"నీ ముసలాళ్ళను పట్టుకో!"

మొదటి ఊళ్ళో తెరిచిన పేజీ, ఆలస్యంగా వచ్చినందుకు.
రెండో ఊళ్ళో, పాడినందుకు.
నాలుగో ఊళ్ళో ఒకామెకు నవ్వినందుకు పావు రోజు కూలి పోయింది.
ఎవరిని చూసి నవ్విందో రాయలేదు.

పదో పేజీలో ఎవరున్నారో నాకు ముందే తెలుసు.
దియోలింద, బల్ల నంబరు పద్నాలుగు.
ఏప్రన్ మడతలో కవళ్ళు, రెండు.
అర రోజు కూలి కోత.

మా అమ్మమ్మ.
పక్కింటి నిమ్మకొమ్మ మా గోడ మీదికి వాలితే
రాలిన కాయలు లెక్కపెట్టి తిరిగిచ్చిన మనిషి.
నా ఏడో ఏట, దుకాణంలో జేబులో వేసుకున్న
ఒక్క నీలం గుండీ కోసం
వానలో కొండ దిగేదాకా నన్ను వెనక్కి నడిపించిన మనిషి.

పదో ఊరు మా ఊరు.

ఆ రాత్రి హాల్లో నేనొక్కదాన్నే.
రెండు పేజీలు అంటుకుపోయాయని రాస్తే నమ్ముతారు.
ఉప్పుగాలి, పాత జిగురు, సాకులకేం కొదవ.
నివేదిక రాసేదీ నేనే, సంతకం పెట్టేదీ నేనే.
కాగితం అంచు మీద నా వేలు
ఆబీలియు బయట రెండు సిగరెట్లు కాల్చేంత సేపు ఆగింది.

ఒక్క పేజీయే తిప్పాను.

మర్నాడు జనం, ఉపన్యాసాలు, ప్లాస్టిక్ గ్లాసుల్లో వైను.
అంతా అయ్యాక కర్ర పొడుచుకుంటూ జుల్మీర వచ్చింది.
గాజుకు ముక్కు ఆనించి, కూడబలుక్కుని చదివి
హాలంతా తిరిగి చూసేలా నవ్వింది.
"రెండా! ఆ గుమాస్తాకు లెక్కలెప్పుడొచ్చాయి గనక!
ఆరు దాచింది దియోలింద.
నాలుగు అప్పటికే నా ఏప్రన్‌లోకి వచ్చేశాయి.
పచ్చి బాలింతను, పాలు పడని రోజులు.
ముళ్ళు కూడా ఉడకేసుకుని ఆ నీళ్ళు తాగాను."
ఇంక నావైపు చూసి, "నువ్వెవరి పిల్లవే?" అంది.

చెప్పాను.
నా చెయ్యి అందుకుని, తిప్పి చూసి,
"దాని వేళ్ళే" అంది, అంతే.

ఆ రాత్రి నివేదికలో రాశాను:
పదో పేజీ. ఎడమ మూల చిన్న చిరుగు, పాతదే.
సిరా నిలకడగా ఉంది.
గాజు మీద ముక్కు ముద్ర ఒకటి.
తుడవలేదు.